ఊరు తెలియని పాముకు ఉపజాతి పేరు పెట్టవచ్చునా?

ఉత్తర, మధ్య అమెరికాలలోనూ, దక్షిణ అమెరికా వాయవ్య ప్రాంతంలోనూ జీవించే ఒక విషరహిత సర్పాన్ని ఆంగ్లంలో మిల్క్ స్నేక్ అంటారు. ఈ వ్యాసంలో దానిని పాలపాము అని వ్యవహరిస్తాను. దీని శాస్త్రీయ నామం లాంప్రోపెల్టిస్ ట్రయాంగులమ్. ఎరుపు, నలుపు, పసుపు వలయాలతో చూడముచ్చటగా ఉండడం, విషం లేకపోవడం, పెంపకంలో సులభంగా సంతానోత్పత్తి చేయడం వంటి కారణాల వల్ల అమెరికా, ఐరోపా దేశాలలో దీనిని పెంపుడు జీవిగా విరివిగా పెంచుతున్నారు. అలా పెంచేవారికి తరచుగా ఎదురయ్యే సందేహం ఒకటున్నది. పాము చేతులు మారి వచ్చింది. ఎక్కడ పట్టినదో, ఏ తల్లిదండ్రులకు పుట్టినదో తెలియదు. అమ్మినవారు చెప్పిన పేరుపై నమ్మకం లేదు. రంగును, వలయాలను చూసి అది ఏ ఉపజాతికి చెందినదో నిర్ధారించడం సాధ్యమా?

సాధ్యం కాదన్నదే నా అభిప్రాయం. అంతేకాదు, అటువంటి పాముకు ఉపజాతి పేరు పెట్టకుండా ఉండడమే శాస్త్రీయమైన పని అని కూడా నా అభిప్రాయం. వ్యవసాయ పరిశోధన పత్రికలో పాముల చర్చ ఎందుకన్న ప్రశ్న పాఠకులకు కలగడం సహజం. చీటీ ఊడిపోయిన విత్తన సంచిని చేతిలో పట్టుకొని ‘ఇది ఏ ప్రాంతపు దేశవాళీ రకం?’ అని అడిగినప్పుడు మనం ఎదుర్కొనే చిక్కు సరిగ్గా ఇదే. పాము విషయంలో మనకు ముందుగా ఏర్పరచుకున్న అభిప్రాయాలు, ఇష్టాయిష్టాలు లేవు. అందుచేత తర్కంలోని లోపం అక్కడ మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

పేరు వెనుక ఉన్న కథ

పాలపాముకు ఆ పేరు రావడమే ఒక తప్పుడు నిర్ధారణ ఫలితం. పశువుల కొట్టాల్లో తరచుగా కనిపించే ఈ పాము రాత్రివేళ ఆవుల పొదుగు నుండి పాలు తాగుతుందని అమెరికా రైతులు నమ్మేవారు. వాస్తవానికి అది కొట్టంలోకి వచ్చేది దాణా కోసం చేరే ఎలుకలను వెతుక్కుంటూ. పాలు పీల్చుకోవడానికి అనువైన నోటి నిర్మాణం ఏ పాముకూ లేదు. మన పల్లెల్లో జెర్రిపోతు గురించి ఇదే నమ్మకం ఉన్న సంగతి విస్తరణ శాస్త్రవేత్తలకు కొత్త కాదు. అది ఆవు కాళ్లకు చుట్టుకొని పాలు తాగుతుందని చెప్పి, పంటను ఎలుకల నుండి కాపాడే ఆ పామును కర్రలతో కొట్టి చంపడం మనం చూస్తూనే ఉన్నాము. కంటికి కనిపించినది ఒకటి. దానికి మనం జోడించిన వివరణ మరొకటి. ఉపజాతి నిర్ధారణలోనూ జరిగే పొరపాటు ఈ రెండింటి మధ్య తేడాను మరచిపోవడమే.

ఉపజాతి అనేది దేనికి వర్తిస్తుంది?

పాలపామును 1789లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లాసెపేద్ మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించాడు. ఆగ్నేయ కెనడా నుండి ఈక్వడార్ వరకు విస్తరించిన ఈ పాములలోని వైవిధ్యాన్ని కెన్నెత్ విలియమ్స్ 1978లో ఒక బృహద్గ్రంథంలో క్రోడీకరించాడు. 1988లో వెలువడిన రెండవ కూర్పు నాటికి గుర్తించిన ఉపజాతులు 25. శరీరంపై ఎర్రని వలయాల సంఖ్య, వాటి వెడల్పు, ఎరుపు, పసుపు పొలుసుల కొనలపై నలుపు ఉన్నదా లేదా, తల, మూతి భాగాల రంగు, నల్లని వలయాలు ఉదరం వరకు సాగుతాయా, ఉదర పొలుసుల సంఖ్య ఎంత, ఇటువంటి లక్షణాల ఆధారంగా ఆ విభజన జరిగింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ లక్షణాలను లెక్కించినది సేకరణ స్థలం తెలిసిన నమూనాలపైనే. ఫలానా ప్రాంతపు పాములలో వలయాల సంఖ్య ఇంత నుండి ఇంత వరకు ఉన్నదని, పొరుగు ప్రాంతంలో మరోలా ఉన్నదని చూసిన తరువాతనే ఉపజాతుల సరిహద్దులు గీయబడ్డాయి. అంటే ఉపజాతి అన్నది మొదటి నుంచీ భౌగోళిక భావన. అది ఒక ప్రాంతంలోని సమూహానికి వర్తించే వర్ణన. ఒంటరి జీవికి ముఖాన రాసి ఉండే ముద్ర కాదు. సేకరణ స్థలం ఈ లెక్కలో మనం ముందుగా అందించవలసిన సమాచారం. దానిని చివరలో ఫలితంగా రాబట్టుకోవాలని చూడడం కొలత తెలియని పొలానికి దిగుబడిని ఎకరాలలో లెక్కగట్టడం వంటిది.

పక్షి శాస్త్రవేత్త డీన్ అమాడన్ 1949లో ఉపజాతుల గుర్తింపుకు 75 శాతం నియమాన్ని చర్చించాడు. స్థూలంగా దాని భావం ఏమంటే, ఒక సమూహంలోని కనీసం 75 శాతం జీవులను పొరుగు సమూహపు జీవుల నుండి వేరుగా గుర్తించగలిగితే దానిని ఉపజాతిగా అంగీకరించవచ్చు. గణాంక శాస్త్రం చదివిన విద్యార్థికి దీనిలోని మెలిక వెంటనే అర్థమవుతుంది. నియమం సంపూర్ణంగా పాటించబడినప్పటికీ నలుగురిలో ఒకరు ఎటువైపు చెందుతారో చెప్పలేని పరిస్థితి ఉండవచ్చు. సమూహాల సగటుల మధ్య తేడా గణనీయమని నిరూపించడం వేరు. ఒక్క జీవిని తెచ్చి అది ఏ సమూహానిదో చెప్పడం వేరు. రెండు వరి రకాల సగటు ఎత్తులలో గణనీయమైన తేడా ఉన్నంత మాత్రాన, గట్టు మీద దొరికిన ఒక్క మొక్క ఎత్తు కొలిచి రకం పేరు చెప్పమని మనం ఏ విద్యార్థినీ అడగము.

లక్షణాలు ఎక్కడ మోసగిస్తాయి?

పెంపకందారుల వద్ద అధికంగా కనిపించేవి హోండురస్, సినలోవా, ప్యూబ్లా, నెల్సన్ పాలపాములని పిలిచే రూపాలు. వీటిలో సినలోవా, నెల్సన్ రూపాలు రెండూ పశ్చిమ మెక్సికోకు చెందినవి. విశాలమైన ఎర్రని పట్టీలతో ఒకదానినొకటి పోలి ఉంటాయి. వలయాల సంఖ్యలో సగటున తేడా ఉన్నా, వాటి పరిధులు ఒకదానిపై ఒకటి వ్యాపించి ఉంటాయి. ఆ ఉమ్మడి పరిధిలోకి వచ్చే పాము చేతిలో ఉన్నప్పుడు లెక్కింపు ఎంత శ్రద్ధగా చేసినా ప్రయోజనం లేదు.

వయస్సు మరొక చిక్కు. కోస్టారికా, పనామా పర్వత ప్రాంతాలకు చెందిన గైజియే ఉపజాతి పిల్లలు పుట్టినప్పుడు మూడు రంగుల వలయాలతో ఉంటాయి. ఎదిగిన కొద్దీ నలుపు కమ్ముకొని చివరకు దాదాపు పూర్తిగా నల్లబడతాయి. పిల్ల దశలో చూసినవారు ఒక పేరు, పెద్దయ్యాక చూసినవారు మరొక పేరు చెప్పే అవకాశం ఉన్నది.

లక్షణం కూడా స్థలంపై ఆధారపడి పనిచేస్తుందనడానికి అమెరికాలో ప్రచారంలో ఉన్న ఒక సూత్రం చక్కని ఉదాహరణ. అక్కడి కోరల్ పాములు విషపూరితమైనవి. పాలపాములు అనేకం వాటిని పోలిన రంగులతో ఉంటాయి. ఎర్రని వలయాన్ని పసుపు వలయం తాకితే విషసర్పమని, నలుపు తాకితే విషం లేనిదని అక్కడి పిల్లలకు నేర్పుతారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ సూత్రం చాలా వరకు పనిచేస్తుంది. మధ్య, దక్షిణ అమెరికాలకు వెళితే ఎర్రని వలయాన్ని నలుపు తాకే కోరల్ పాములు కూడా ఉన్నాయి. అక్కడ ఇదే సూత్రాన్ని నమ్ముకుంటే ప్రాణం మీదికి రావచ్చు. పాము ఎక్కడిదో తెలిసినప్పుడే దాని రంగుకు అర్థం ఉంటుందన్నమాట.

పెంపకంలో పుట్టిన పాముల విషయం ఇంకా క్లిష్టమైనది. వర్తకులు నచ్చిన రంగు కోసం తరతరాలుగా ఎంపిక చేస్తూ వచ్చారు. నారింజ వన్నె అధికంగా ఉన్నవి, వర్ణరహితమైనవి, వలయాలు చెదిరినవి ప్రత్యేక వంశాలుగా స్థిరపడ్డాయి. ప్రకృతిలో ఎన్నడూ కలుసుకోని ఉపజాతులను జతకట్టించారు. పాలపామును వేరే ప్రజాతికి చెందిన కార్న్ స్నేక్‌తో సంకరపరచి సంతానాన్ని పొందినవారు కూడా ఉన్నారు. అటువంటి సంకరాల రెండవ, మూడవ తరం పిల్లలలో కొన్ని ఏదో ఒక తాత పోలికతో పుడతాయని మెండెల్ సూత్రాలు చదివిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు. చూడడానికి అచ్చం హోండురస్ పాములా ఉన్న పాము వంశంలో హోండురస్ వాటా ఎంతో రూపం చెప్పలేదు.

డీఎన్ఏ పరీక్ష తీర్పు చెప్పగలదా?

డీఎన్ఏ పరీక్షతో సమస్య తీరుతుందని యువ శాస్త్రవేత్తలు అనవచ్చు. దీనిని కాస్త వివరంగా పరిశీలించాలి. సాధారణంగా వాడే మైటోకాండ్రియా సూచిక తల్లి వైపు వంశాన్ని మాత్రమే చూపుతుంది. తల్లి హోండురస్ రూపం, తండ్రి సినలోవా రూపం అయినా ఫలితం హోండురస్ అనే వస్తుంది. మన వరి ప్రజనన శాస్త్రంలో దీనికి పూర్తి పోలిక ఉన్నది. ఐఆర్ 58025ఎ అనే పురుష వంధ్య వరుసలో కణద్రవ్యం అడవి వరికి చెందినది. కేంద్రకం మాత్రం తరతరాల ప్రతీప సంకరణంతో ఐఆర్ 58025బి నుండి వచ్చినది. కణద్రవ్యాన్ని మాత్రమే పరీక్షించి ఆ మొక్కను అడవి వరి అనడం ఎంత తప్పో, తల్లి వైపు సూచికతో పాముకు ఉపజాతి పేరు పెట్టడం అంతే తప్పు.

కత్తెర పురుగు విషయంలో ఇది మన పొలాల్లోనే అనుభవానికి వచ్చింది. 2018లో కర్ణాటకలో మొదట కనిపించిన ఈ పురుగులో వరి తెగ, మొక్కజొన్న తెగ అని రెండు తెగలను గుర్తించారు. రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. ఆఫ్రికా, భారతదేశాల నమూనాలలో మైటోకాండ్రియా సూచిక ప్రకారం వరి తెగగా తేలిన పురుగులు అనేకం కేంద్రక జన్యువైన టీపీఐ సూచిక ప్రకారం మొక్కజొన్న తెగగా తేలాయి. పొలంలో అవి ఆశించినది ప్రధానంగా మొక్కజొన్ననే. ఒకే సూచికను నమ్మి ‘వరి తెగ వచ్చింది’ అని ప్రకటించి ఉంటే విస్తరణ సిబ్బంది ఏ పంటకు హెచ్చరికలు జారీ చేసేవారో ఆలోచించండి.

అనేక కేంద్రక సూచికలను కలిపి వాడితే సంకరం జరిగినదీ లేనిదీ కొంతవరకు తేలుతుంది. అయితే పోల్చడానికి ప్రామాణిక నమూనాలు కావాలి. ఆ నమూనాలకు విలువ వచ్చేది వాటి చీటీపై సేకరణ స్థలం రాసి ఉన్నందువల్లనే. ప్రయోగశాల ఎంత అధునాతనమైనదైనా, చివరకు ఎప్పుడో ఎవరో ఊరి పేరు రాసిపెట్టిన చీటీ దగ్గరకే తిరిగి రావాలి.

పైగా అడుగుతున్న ప్రశ్న కూడా స్థిరంగా లేదు. సారా రువేన్, ఆమె సహచరులు 2014లో అనేక జన్యువులను విశ్లేషించి పాలపాములను ఏడు ప్రత్యేక జాతులుగా విభజించారు. ఆ ప్రకారం హోండురస్ రూపం లాంప్రోపెల్టిస్ అబ్నార్మాలోకి, సినలోవా, నెల్సన్, ప్యూబ్లా రూపాలు లాంప్రోపెల్టిస్ పాలిజోనాలోకి చేరాయి. 2020లో చేంబర్స్, హిల్లిస్ ఇదే పాములను ఉదాహరణగా తీసుకొని, ఆ విశ్లేషణ పద్ధతి విశాల ప్రాంతంలో క్రమంగా మారే వైవిధ్యాన్ని అవసరానికి మించి జాతులుగా చీలుస్తుందని వాదించారు. నిపుణులే సరిహద్దులను పునఃపరిశీలిస్తున్న తరుణంలో, ఊరూ పేరూ తెలియని పాముపై పాత ఉపజాతి పేరును నిశ్చయంగా అతికించడం సాహసమే అవుతుంది.

పేరు లేకపోతే నష్టమేమిటి, తప్పు పేరు ఉంటే నష్టమేమిటి?

పెంపుడు పాముకు ఏ పేరైతేనేమి, అంత పట్టింపు ఎందుకని కొందరు అనవచ్చు. ఇది కొట్టిపారవేయదగిన వాదన కాదు. గూడులో ఉన్నంత కాలం పాముకు కావలసినవి తగిన ఉష్ణోగ్రత, నీరు, ఆహారం, దాక్కునే చోటు. పేరు మారినంత మాత్రాన వీటిలో పెద్ద మార్పు రాదు. చిక్కు వచ్చేది ఆ పాము గుడ్లు పెట్టిన రోజున. ఊహించి పెట్టిన పేరు పిల్లలకు వారసత్వంగా వస్తుంది. కొన్నవారు దానిని స్వచ్ఛమైన వంశమని నమ్మి మరొక పాముతో జతకట్టిస్తారు. మూడు తరాల తరువాత ఆ పేరు ఊహతో మొదలైనదని గుర్తుంచుకున్నవారు ఎవరూ ఉండరు. ఖాళీగా ఉన్న గడిని ఎప్పుడైనా నింపవచ్చు. తప్పుగా నిండిన గడిని మళ్లీ ఎవరూ తెరచి చూడరు.

గూడు దాటిన పాములు ఏమి చేయగలవో స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనేరియా ద్వీపం చూపింది. పాలపాము ప్రజాతికే చెందిన కాలిఫోర్నియా కింగ్ స్నేక్ అక్కడి ప్రకృతిలో ఉన్నట్లు 1998లో నమోదయింది. పట్టుబడిన వాటిలో వర్ణరహితమైన పాములు ఉండడం వల్ల అవి పెంపకం నుండి వచ్చినవని స్పష్టమయింది. అవి వ్యాపించిన చోట్ల ఆ ద్వీపంలో మాత్రమే జీవించే పెద్ద బల్లుల సంఖ్య దారుణంగా పడిపోయింది. ఇటువంటి దాడి ఎక్కడి నుండి మొదలయిందో వెదకవలసి వచ్చినప్పుడు నమ్మదగిన మూల సమాచారం ఎంత విలువైనదో అర్థమవుతుంది.

అనుభవజ్ఞుల కంటిని తక్కువ చేయరాదన్నది మరొక అభ్యంతరం. వేల పాములను చూసినవారు ఒక చూపుతో ‘ఇది హోండురస్ తరహా’ అనగలరు. ఆ మాటను నేను గౌరవిస్తాను. అయితే వారు చెప్పినది పోలిక, మూలం కాదు. వారి మాటను పోలికగానే రాసుకుంటే అది విలువైన సమాచారం. మూలంగా రాసుకుంటే అది వారు చెప్పని మాట.

‘తెలియదు’ అనడం బాధ్యత నుండి తప్పించుకోవడం కాదా అన్న సందేహానికీ ఇందులోనే సమాధానం ఉన్నది. తెలిసినంత మేరకు మెట్లు మెట్లుగా చెప్పవచ్చు. ప్రజాతి లాంప్రోపెల్టిస్ అని నిశ్చయంగా, పాలపాముల సముదాయమని బలమైన సంభావ్యతతో, రూపం హోండురస్ తరహా అని పోలికగా, మూలం తెలియదని స్పష్టంగా రాయవచ్చు. దానితోపాటు పాము ఎప్పుడు, ఏ విధంగా చేతికి వచ్చిందో, అమ్మినవారు ఏ పేరు చెప్పారో కూడా నమోదు చేయాలి. ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. తరువాత వచ్చేవారికి ఒక్క మాటా వ్యర్థం కాదు.

మన రంగానికి వర్తించే పాఠం

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యునిధిలో 1,20,000కు పైగా నమూనాలు భద్రపరచబడి ఉన్నాయి. 1976లో ఏర్పడిన జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ కూడా ఇదే కృషి చేస్తున్నది. ఈ నిధులలో ప్రతి నమూనాకు పాస్‌పోర్టు సమాచారం ఉండాలని అంటారు. సేకరించిన ఊరు, అక్షాంశ రేఖాంశాలు, సముద్ర మట్టానికి ఎత్తు, తేదీ, స్థానిక నామం మొదలైనవి అందులో ఉంటాయి. సేకరణ స్థలపు వాతావరణాన్ని బట్టి బెట్టను, చీడపీడలను తట్టుకునే నమూనాలు ఏవై ఉండవచ్చో ముందుగా అంచనా వేసే పద్ధతులు ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. స్థల సమాచారం లేని నమూనా ఆ పరిశీలనకే రాదు. రాయలసీమ ఎర్రనేలల్లో తరతరాలుగా నిలిచిన ఒక జొన్న రకం విత్తనాన్ని మనం మళ్లీ పెంచుకోవచ్చు, కొలవవచ్చు, దాని జన్యుక్రమాన్ని చదవవచ్చు. అది ఏ ఊరి చేను నుండి వచ్చిందన్న సంగతిని మాత్రం ఆ గింజ నుండి ఏ పరీక్షా తిరిగి ఇవ్వలేదు.

ఆ సంగతి తెలిసిన ఒకే ఒక వ్యక్తి ఆ రోజు ఆ చేనులో నిలబడిన విస్తరణ శాస్త్రవేత్త లేదా విద్యార్థి. కనుక వారికి నా విన్నపాలు కొన్ని. నమూనా సంచిలో పడకముందే చీటీ రాయండి. రైతు చెప్పిన పేరును, మీరు నిర్ధారించిన పేరును వేర్వేరు గడులలో ఉంచండి. ఒకే పేరుతో పది రకాలు, పది పేర్లతో ఒకే రకం మన గ్రామాల్లో ఉండడం మీకు తెలిసినదే. నిర్ధారణ ఎవరు చేశారో, ఏ ఆధారంతో చేశారో ఒక వాక్యంలో తెలపండి. తెల్లదోమ వంటి కీటకాలలో కంటికి కనిపించని అంతర్భేదాలు ఉన్నందున, జాతి పేరు దాటి ముందుకు వెళ్లాలంటే తగిన పరీక్ష జరిగి ఉండాలి.

మార్గదర్శకులైన ఆచార్యులకు మరొక మాట. సిద్ధాంత వ్యాసాల మౌఖిక పరీక్షలో విద్యార్థి పట్టికలో ఒక గడి ‘తెలియదు’ అని ఉంటే మనం కనుబొమలు ముడివేస్తాము. ఆ భయంతోనే విద్యార్థి దగ్గరగా తోచిన పేరును అక్కడ నింపుతాడు. ఆ పేరు ప్రచురితమవుతుంది, ఉదహరించబడుతుంది, మరొకరి పరిశోధనకు పునాది అవుతుంది. కాబట్టి మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాస నమూనా పత్రాలలో సేకరణ స్థలం, నిర్ధారణకు ఆధారం అనే రెండు గడులను తప్పనిసరి చేయాలని, ఆ గడులలో ‘తెలియదు’ అన్న సమాధానాన్ని లోపంగా పరిగణించరాదని ప్రతిపాదిస్తున్నాను. దీనికి నిధులు అవసరం లేదు, పరికరాలు అవసరం లేదు. నిజాయితీగా రాసిన ఖాళీకి మార్కులు తగ్గించకుండా ఉంటే చాలు.